తెర మీది పోలిగాడు లేపాక్షి నుంచి వచ్చాడా?

అనంతపురం తోలుబొమ్మల మీద ఏ వ్యాసం తిరగేసినా ఒక మాట తప్పకుండా ఎదురవుతుంది. ఈ బొమ్మలకు మూలం లేపాక్షి పైకప్పు చిత్రాలు అన్నదే ఆ మాట. హస్తకళల దుకాణాల పరిచయ పత్రాల్లోనూ, పర్యాటక ప్రచురణల్లోనూ ఇదే వినిపిస్తుంది. చిత్రం పక్కన బొమ్మను పెట్టి చూసినవాళ్లకు అది నిజమేననిపిస్తుంది. పోలిక ఉంది, కాదనను. అయితే పోలిక కనబడటం వేరు, ఒకదాని నుంచి మరొకటి పుట్టిందని తేల్చడం వేరు. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో చూడటమే ఈ వ్యాసంలో నా పని. అందుకు రాముడి బొమ్మ, రావణుడి బొమ్మ కంటే ఆటలో హాస్యగాడైన జుట్టు పోలిగాడి బొమ్మే మంచి సాక్షి అని నా అభిప్రాయం.

ముందు భూగోళం సంగతి. తనకల్లు నుంచి మొదలుపెడదాం. అది కదిరి–మదనపల్లె దారిలో, ఇటు చిత్తూరు సీమకూ అటు కర్ణాటకకూ దగ్గరగా ఉన్న మండలం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక శ్రీసత్యసాయి జిల్లాలో చేరింది. ఇక్కడి నుంచి పడమరగా గోరంట్ల, హిందూపురం మీదుగా పోతే లేపాక్షి. వాయవ్యంగా కదిరి, ముదిగుబ్బ మీదుగా పోతే ధర్మవరం. తోలుబొమ్మలకు పేరు మోసిన నిమ్మలకుంట ధర్మవరం మండలంలోనే ఉంది. లేపాక్షి గుడి కట్టించిన అధికారులు పనిచేసిన పెనుకొండా ఈ చుట్టుపక్కలదే. అంటే మనం పోల్చబోయే చిత్రమూ బొమ్మా ఒకే పీఠభూమి మీద, ఒకే కరువు నేల మీద ఉన్నాయి. ఈ దగ్గరితనమే పోలిక వాదానికి పెద్ద బలం. జాగ్రత్తగా లేకపోతే మనల్ని తప్పుదారి పట్టించేదీ ఇదే. పక్కపక్కన ఉన్నవన్నీ ఒకదాని నుంచి ఒకటి వచ్చినవి కావు.

సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే ఈ నేలకూ తోలుబొమ్మకూ సంబంధం మాత్రం గట్టిదే. ఇక్కడ చేనుకంటే గొర్రె, మేక నమ్మకమైన ఆస్తి. తోలుకు కొదవ లేదు. పైగా తోలుబొమ్మకు వాడేది పదును పెట్టిన చెప్పుల తోలు కాదు, పచ్చితోలును గీకి ఆరబెట్టినది. పదును పెడితే తోలు గుండా వెలుగు రాదు. పదును పెట్టని తోలుకు తడి తగిలితే వంకర్లు పోతుంది, పురుగు పడుతుంది. గాలిలో తేమ తక్కువగా ఉన్న చోట ఇలాంటి బొమ్మ ఎక్కువకాలం మన్నుతుందని ఊహించడం తప్పు కాదు. వానలు ముఖం చాటేసిన ఏడు విరాటపర్వం ఆడిస్తే చినుకు పడుతుందన్న నమ్మకమూ ఈ ప్రాంతాల్లో ఉంది. కరువు ఈ ఆటకు పిలుపూ తెచ్చింది, ఆట చూసి ఇచ్చే గింజల్లో కోతా పెట్టింది.

ఇప్పుడు లేపాక్షి. కూర్మశైలం మీది వీరభద్రస్వామి ఆలయం అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1529–1542 మధ్య, విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరుల పూనికతో రూపు దిద్దుకుంది. మండపాల పైకప్పు నిండా సున్నపు పూత మీద చిత్రాలు వేశారు. కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, మనునీతి చోళుడి కథ, శ్రీరామ పట్టాభిషేకం, వటపత్రశాయి వాటిలో కొన్ని. పొడుగు కుళ్లాయిలు పెట్టుకుని దేవుడికి మొక్కుతున్న విరూపణ్ణ, అతని పరివారం కూడా అక్కడే ఉన్నారు. ఎరుపు, కావి, పసుపు ముదురు రంగుల నేల మీద నల్లటి గీతతో మనుషులు తేలుతారు. ముఖాలు ఎక్కువగా పక్కవాటు. ముక్కు సూదిగా, కన్ను పెద్దగా ఉంటుంది. కిరాతార్జునీయంలో దూసుకొస్తున్న అడవిపందిని చూస్తే చిత్రకారుడి చేతికి వేగం ఎంత తెలుసో అర్థమవుతుంది. ఆడవాళ్ల చీరల మీద గళ్లు, పువ్వులు, హంసలు, చారలు ఎంత నిదానంగా వేశారంటే, బట్టల చరిత్ర రాసేవాళ్లకు ఆ పైకప్పు ఒక నమూనాల పుస్తకం. అన్నా దల్లాపికొలా, బ్రిగిత్తె ఖాన్ మజ్లిస్, జార్జ్ మిషెల్ కలిసి లేపాక్షి మీద తెచ్చిన గ్రంథంలో ఆ వస్త్రాల మీదా ప్రత్యేక శ్రద్ధ పెట్టారు.

తోలుబొమ్మ దగ్గరికి వద్దాం. మేకతోలును వేడినీళ్లలో నానబెట్టి, బొచ్చు గీకి, నేల మీద గుంజి మేకులు కొట్టి ఆరబెడతారు. ఆరాక అది పలచటి పసుపుతో కాగితంలా గలగలలాడుతుంది. దాని మీద గీత గీసి, ఆకారం కత్తిరించి, తర్వాత ఉలి అందుకుంటారు. ఈ ఉలి పనిని దగ్గరగా చూడాలి. మొద్దు మీద తోలు పరిచి, గుండ్రటి మొన, నెలవంక మొన, బియ్యపు గింజంత సన్న మొన ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ చిన్న సుత్తితో కొడతారు. ఒక్కో దెబ్బకు ఒక్కో చిల్లు. చుక్క పక్కన చుక్క పడి కంటె అవుతుంది. నెలవంకల వరస వడ్డాణం అవుతుంది. పగటి పూట చేతిలో పట్టుకుంటే అవి వట్టి చిల్లులు. తెర వెనక దీపం వెలిగాక అవే తెల్లటి నగలై మెరుస్తాయి. చీర మీది రంగు తోలు గుండా వడగట్టినట్టు వస్తుంది, నగ మీది వెలుగు మాత్రం ఏ రంగూ అంటకుండా నేరుగా వస్తుంది. రంగులు రెండు వైపులా వేస్తారు. చేతులు, కాళ్లు విడిగా కోసి కీళ్ల దగ్గర దారంతో ముడేస్తారు, నడుమ ఒక వెదురు బద్ద నిలబెడతారు. ఆంధ్ర దేశపు బొమ్మలు మన దేశంలోని నీడబొమ్మల్లోకెల్లా పెద్దవి, కొన్ని మనిషి ఎత్తుకు వస్తాయి.

ఈ వివరం ఎందుకంటే, పోలిక వాదంలో ఎక్కువగా ఎత్తి చూపేవి నగలు, చీరల నగిషీ, పక్కవాటు ముఖం, పెద్ద కన్ను. వీటిలో ఏది లేపాక్షికి సాక్ష్యం, ఏది తోలు స్వభావం అని విడదీసి చూడాలి. నీడకు పక్కవాటు ముఖమే స్పష్టంగా కనబడుతుంది. ఎదురుముఖం నీడలో గుండ్రటి ముద్దవుతుంది. ఒడిశా నీడబొమ్మలాట రావణఛాయలోని రంగుల్లేని జింకతోలు బొమ్మలకు లేపాక్షితో ఏ సంబంధమూ లేదు, వాటిలోనూ పక్కవాటు ముఖాలు చాలానే ఉన్నాయి. కాబట్టి పక్కవాటు ముఖాన్ని మాత్రమే చూపి లేపాక్షి వారసత్వం తేల్చలేం. ఆ లెక్కలోంచి దాన్ని తీసేయాలి. నగల సంగతీ అంతే. గోడ మీద నగను లేతరంగు చుక్కలతో వేస్తారు, తోలు మీద చిల్లులతో వేస్తారు. చూడటానికి ఒకటే, కానీ పనితనాలు రెండూ వేర్వేరు. ఒకటి నేర్చినవాడికి రెండోది దానంతటదే రాదు.

మరి ఏం మిగిలింది? చీరల మీది గళ్లు, చారల అమరిక, నల్ల గీత నడిచే తీరు, కన్ను చెవి దాకా సాగే పద్ధతి, కిరీటాల, జడల ఆకృతి. ఇవి నిజంగా దగ్గరగా ఉన్నాయి. అయితే ఇవన్నీ లేపాక్షి సొంతం కావు. హంపి విరూపాక్షాలయం పైకప్పులోనూ, తమిళదేశంలో నాయకరాజుల కాలపు గుడి చిత్రాల్లోనూ, శ్రీకాళహస్తి కలంకారీ తెరల్లోనూ ఈ లక్షణాలు రకరకాలుగా ఉన్నాయి. అంటే లేపాక్షి పైకప్పుకూ తోలుబొమ్మకూ ఉన్నది తల్లీబిడ్డల సంబంధం అనడం కంటే దాయాదుల సంబంధం అనడం ఆధారాలకు దగ్గరగా ఉంటుంది. విజయనగరపు బొమ్మల భాష ఒకటి ఉంది. గోడ, బట్ట, తోలు మూడూ దాన్ని తమ తమ వీలును బట్టి వాడుకున్నాయి.

ఇంకో ఆధారం గోడల మీద కాదు, ఇళ్లలో ఉంది. ఆంధ్ర, కర్ణాటక, తమిళదేశాల్లో తోలుబొమ్మలాడించే కుటుంబాల్లో చాలామందికి ఇంటి భాష మరాఠీ. ఆట తెలుగులోనో కన్నడంలోనో తమిళంలోనో ఆడతారు, పొయ్యి దగ్గర మాట్లాడుకునేది మరాఠీ. థర్‌స్టన్ 1909లో అచ్చువేయించిన దక్షిణ భారత కులాల సంపుటాల్లోనూ బొమ్మలాడించే కిళ్లేక్యాతల మూలం మరాఠా దేశమనే నమోదైంది. మరి వీళ్లు ఎప్పుడొచ్చారు? 1630ల చివర నుంచి మరాఠా సర్దారు శహాజీ బెంగళూరు జాగీరులో ఉన్నాడు. 1670ల్లో అతని కొడుకు ఏకోజీ తంజావూరు గద్దె ఎక్కాడు. ఆ దండ్ల వెంట వృత్తి కుటుంబాలు దక్షిణానికి వచ్చి ఉండొచ్చన్నది ఒక ఊహ. ఊహగానే చెబుతున్నాను. అంతకు ముందే వలస వచ్చిన కుటుంబాలు ఉండే అవకాశం కూడా కొట్టిపారేయలేనిది. ఊహ నిజమైతే మాత్రం ఈ కుటుంబాలు అనంతపురం చేరేనాటికి లేపాక్షి రంగులకు వందేళ్లు దాటి ఉంటాయి. అప్పుడు ప్రశ్న ఇలా మారుతుంది: వీళ్లు బొమ్మలు తెచ్చుకుని వచ్చారా, ఇక్కడికొచ్చి ఇక్కడి బొమ్మ తీరు నేర్చుకున్నారా?

తెలుగు నేల మీద బొమ్మలాట అంతకన్నా చాలా పాతది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో, శివరాత్రికి శ్రీశైలం చేరిన జనం చూసే ఆటల్లో బొమ్మలాటలనూ చేర్చాడు. ఆ ప్రస్తావన ఈ కళ వయసు గురించి చెబుతుంది. ఆడించినవాళ్ల ఇంటి భాష, బొమ్మ రంగు, ఎత్తు గురించి ఏమీ చెప్పదు. సోమనాథుడి కాలం నుంచి నిమ్మలకుంట దాకా ఒకటే తెగని దారం అని రాసేవాళ్లు ఆ తేడాను దాటవేస్తున్నారు. శాతవాహనుల దాకా వెనక్కి తీసుకుపోయే ప్రచారం సంగతైతే చెప్పక్కర్లేదు. మేకతోలు వస్తువు మన వాతావరణంలో రెండు వేల ఏళ్లు నిలవదు.

ఒకరి బొమ్మ మరొకరి చేతిలోకి ఎలా దిగుతుందో తేటగా చూడటానికి ఇక్కడ కాసేపు ఇటలీ వెళ్లాలి. జొవాన్ని అంద్రెయా పొదెస్తా అనే చిన్న కళాకారుడొకడు 17వ శతాబ్దంలో ఉండేవాడు. జెనోవాలో పుట్టి, రోములో పనిచేశాడు. రాగిరేకు మీద మైనపు పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచి, గీతల గుంటల్లో సిరా నింపి, తడి కాగితం మీద అచ్చొత్తే ఎచింగ్ పని అతనిది. పశ్చిమ కళాచరిత్రలో అతనికి దక్కేది ఒకటి రెండు పేరాలే. అచ్చుబొమ్మల పట్టికలకు ఆద్యుడైన ఆడం బార్చ్ 19వ శతాబ్దపు మొదట్లో వేసిన సంపుటాల్లో అతని పేరుతో ఉన్నవి గుప్పెడు బొమ్మలే. అయినా మన ప్రశ్నకు అతను చాలా పనికొస్తాడు, ఎందుకంటే అతని బొమ్మలు ఎక్కడి నుంచి వచ్చాయో మెట్టు మెట్టుగా చూపగలం.

మొదటి మెట్టు ఫిలోస్ట్రాటస్. క్రీస్తు శకం 3వ శతాబ్దపు గ్రీకు రచయిత, చిత్రశాలలోని చిత్రాలను మాటల్లో వర్ణించాడు. ఆ చిత్రాలు నిజంగా ఉన్నాయా, మాటల్లోనే పుట్టాయా అన్న వాదం ఇప్పటికీ ఉంది. రెండో మెట్టు తిషియన్. ఫెరారా పాలకుడు అల్ఫోన్సో దెస్తె గది కోసం 1518 నుంచి 1520ల నడుమ దాకా ఆ వర్ణనల ఆధారంగా వీనస్ పూజ, ఆండ్రోస్ దీవి మద్యోత్సవం అనే చిత్రాలు వేశాడు. ఒకదాని నిండా రెక్కల పసిపిల్లలు పళ్లు ఏరుకుంటూ, పొర్లాడుతూ, ముద్దులాడుకుంటూ ఉంటారు. ఆ చిత్రాలు 1598లో రోముకు చేరాయి, 1630ల చివర్లో స్పెయిన్ రాజుకు పోయాయి, ఇప్పుడు మాడ్రిడ్‌లోని ప్రాదోలో ఉన్నాయి. రోములో ఉన్నన్నాళ్లూ పూసాన్, దుకెన్వా లాంటి కళాకారులు వాటి ముందు కూర్చుని నేర్చుకున్నారు. మూడో మెట్టు పొదెస్తా. అతను తిషియన్ మద్యోత్సవాలను రాగి మీదికి దించాడు. అంతటితో ఊరుకోక పసిపిల్లలే ద్రాక్షసారా పండుగ చేసుకునే బొమ్మలు సొంతంగానూ వేశాడు. దేవుళ్ల తంతును పసివాళ్ల అల్లరి చేశాడు.

తిషియన్ చిత్రాన్ని దించేటప్పుడు పొదెస్తా చేతులు కట్టేసి ఉన్నాయి. పెద్ద బొమ్మల భంగిమలు మార్చలేడు, కొనేవాడు వాటికోసమే కొంటాడు. పసిపిల్లల అల్లరి దగ్గరికొచ్చేసరికి ఆ కట్టు వదులైంది. అతని సొంత చెయ్యి ఎక్కడుందో వెతకాలంటే ఆ ఆటపాటల్లోనే వెతకాలి. నకలు చేసేవాడు గౌరవించాల్సిన చోట దొరకడు, ఆడుకోదగ్గ చోట దొరుకుతాడు. నా వాదనకు ఊతం ఇదే.

పొదెస్తా విషయంలో మనకున్న సదుపాయాలు మూడు. అసలు చిత్రం ఉంది. రేకు మీద పేరు చెక్కే అలవాటు ఉంది. మూడోది పనిలోనే ఉన్న గుట్టు: రాగి మీద గీసినది కాగితం మీద అద్దంలోలా కుడిఎడమలు తారుమారై పడుతుంది. అసలుతో పోల్చి కుడిఎడమలు చూస్తే, ఏది దేన్ని చూసి గీశారో చాలాసార్లు చెప్పేయొచ్చు. తోలుబొమ్మకు ఈ మూడూ లేవు. చేసినవాడు పేరు పెట్టడు. పాత బొమ్మ అరిగితే దాన్ని చూసి, కొన్నిసార్లు తోలు మీద పెట్టి గీసుకుని, కొత్తది చేస్తారు. అసలు పోయి నకలు మిగులుతుంది. ఇక కుడిఎడమల పరీక్ష అసలే పనికిరాదు. రెండు వైపులా రంగు వేసిన బొమ్మను ఆడించేవాడు క్షణంలో తిప్పేస్తాడు. తెర మీద రాముడు ఎటు తిరిగితే అటే అతని కుడి. లేపాక్షి చిత్రంతో భంగిమను పోల్చి ఇది దాని నకలు అని రాసేముందు ఈ సంగతి గుర్తుండాలి.

అందుకే పోలిగాడి దగ్గరికి పోవాలంటున్నాను.

తోలుబొమ్మలాటలో రామాయణం ఆడుతున్నా భారతం ఆడుతున్నా, మధ్యలో జుట్టు పోలిగాడు, అతని పెళ్లాం బంగారక్క, వాళ్లిద్దరి మధ్యా దూరే కేతిగాడు ప్రత్యక్షమవుతారు. కథ వాళ్లను పిలవదు. యుద్ధం ఒక ఘట్టం ముగియగానే, సీత కన్నీళ్ల మీద జనం కళ్లు తుడుచుకుంటుండగానే, పోలిగాడు బానపొట్టతో, నడినెత్తి జుట్టుతో తెర మీదికి ఉరుకుతాడు. పెళ్లాంతో తగువు, చావు దెబ్బలు, బూతులు, ఊళ్లో సంగతులు, కట్నాలిచ్చినవాళ్ల పేర్లు అన్నీ వాళ్ల నోటి నుంచే. అమెరికా పరిశోధకుడు జోనథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ 1980ల్లో ఈ ఆట మీద సిద్ధాంత గ్రంథం రాసి, తర్వాత హాస్యగాళ్ల మీద విడిగా ఒక వ్యాసం రాశాడు. ఆటను నిజంగా నడిపేది వీళ్లే అన్నట్టుగా ఆ వ్యాసానికి పేరు పెట్టాడు. మొదలి నాగభూషణశర్మ 1985లో సంగీత నాటక అకాడమీ ద్వారా తెచ్చిన పుస్తకం ఈ కళ మీద తెలుగువాడు రాసిన ముఖ్యమైన ఆధారం. అందులోనూ ఈ పాత్రలకు చోటుంది.

పోలిగాడి బొమ్మను రాముడి బొమ్మ పక్కన పెట్టి చూడండి. రాముడికి కిరీటం నుంచి అందెల దాకా ఉలి చిల్లులు. పోలిగాడికి నగలు లేవు, కాబట్టి చిల్లులూ తక్కువ. ఒళ్లు నల్లగా, ముతకగా ఉంటుంది. వెలుగు పెద్దగా అతని గుండా రాదు, తెర మీద దాదాపు వట్టి నీడగా పడతాడు. నగిషీ తగ్గిన చోట కదలిక పెరుగుతుంది. రాముడు నిలిచి మాట్లాడతాడు, పోలిగాడు గెంతుతాడు. రాముణ్ణి చేసేటప్పుడు బొమ్మకారుడికి శాస్త్రం ఉంది, పాత బొమ్మ ఉంది, చూసేవాళ్ల భక్తి ఉంది. పోలిగాణ్ణి చేసేటప్పుడు అవేవీ అడ్డురావు.

ఇప్పుడు లేపాక్షికి తిరిగి వెళ్దాం. అక్కడ ఆట లేదా అంటే ఉంది. ఒకే ఒంటికి మూడు తలలు అతికి, ఒకటి మూస్తే మరొకటి కనబడేలా చెక్కిన ఆవు ఆ గుడి స్తంభాల్లోనే ఉంది. శిల్పి నవ్వుకుంటూ చెక్కిన పని అది. అయితే అది బుద్ధితో ఆడే ఆట. పైకప్పు చిత్రాల ప్రధాన ఘట్టాల్లో దేవుళ్లున్నారు, రాజులున్నారు, దాతలున్నారు, వేటగాళ్లున్నారు. నడినెత్తి జుట్టుతో పెళ్లాన్ని తిట్టే బానపొట్టవాడు లేడు. తోలుబొమ్మల దండు మొత్తం ఆ పైకప్పు నుంచే దిగి ఉంటే, ఆటను నడిపే మనిషికి అక్కడ మూలం లేకపోవడం ఎలా?

ఇతనికి పోలికలు వేరేచోట దొరుకుతాయి. కర్ణాటక తొగలు గొంబెయాటలో కిళ్లేక్యాత అనే పేరుతోనే హాస్యగాడు ఉన్నాడు, అతనికీ తోడు బంగారక్కే. తమిళ తోల్‌పావైక్కూత్తులో ఉచ్చిక్కుడుమి పెట్టుకున్న హాస్యగాడు, అతని జతగాడు ఆటను నడుపుతారు. మూడు రాష్ట్రాలు, మూడు భాషలు, నడినెత్తి జుట్టున్న ఒకే మనిషి. ఈ మూడు చోట్లా బొమ్మలాడించేవాళ్లలో మరాఠీ ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు ప్రముఖంగా ఉన్నాయి. ఈ మూడు సంగతులనూ కలిపి చూస్తే తోచేది ఇది: హాస్యగాడు ఆడించేవాళ్ల వెంట నడిచి వచ్చాడు, దేవుళ్ల రూపురేఖలు మాత్రం ఆయా ప్రాంతాల గుళ్లు, బట్టలు, బొమ్మల నుంచి వచ్చి చేరాయి. ఒకే పెట్టెలో పక్కపక్కన పడుకునే రెండు బొమ్మలకు రెండు వేర్వేరు పుట్టుకలు ఉన్నాయన్నమాట. లేపాక్షి సిద్ధాంతం సగం బొమ్మలకే సరిపోతుంది, అదీ లేపాక్షి ఒక్కదానికే కాక విజయనగర శైలికంతా వర్తింపజేస్తేనే.

దీనికి ఎదురు వాదం ఉంది, బలమైనదే. హాస్యగాడు తోలుబొమ్మకే సొంతం కాదు. తెలుగు వీధినాటకాల్లోనూ యక్షగానాల్లోనూ కథకు అడ్డుపడి నవ్వించేవాళ్లు ఉన్నారు, సంస్కృత నాటకపు విదూషకుడు సరేసరి. పోలిగాడు బొమ్మలవాళ్ల వెంట రాకుండా ఇక్కడి వీధిభాగవతుల నుంచి తెర మీదికి ఎక్కి ఉండొచ్చు. అలాగైతే మూడు రాష్ట్రాల పోలికను తర్వాతి రాకపోకలతో వివరించాలి. ఊరూరా తిరిగే కుటుంబాలు, పెళ్లి సంబంధాలతో కలిసిన కుటుంబాలు బొమ్మలు ఇచ్చిపుచ్చుకోవడం వింతేమీ కాదు. నా మొగ్గు మొదటి వివరణ వైపే. కారణం, పోలిక పాత్ర స్వభావంలో మాత్రమే ఉంటే వీధినాటకం చాలు, జుట్టూ పొట్టా లాంటి ఒంటి గుర్తుల్లోనూ ఉన్నప్పుడు బొమ్మ నుంచి బొమ్మ పుట్టిందనడం తేలిక.

కాలం తేల్చే పరీక్షల సంగతీ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ శాస్త్రం ఇచ్చే భరోసా తక్కువ. తోలు సేంద్రియ పదార్థం కనక కార్బన్–14 పరీక్ష చేయవచ్చని వెంటనే తోస్తుంది. కానీ సుమారు 1650 నుంచి 1950 దాకా ఆ పద్ధతి ఇచ్చే లెక్క ఒక తేదీ దగ్గర ఆగదు. ఒకే కొలతకు రెండు మూడు వేర్వేరు కాలాలు సరిపోతాయి. మనకు కావలసిన కాలమే దానికి మసక కాలం. రంగు పరీక్ష ఇంతకన్నా ఎక్కువ చెబుతుంది. 1856లో పెర్కిన్ మొదటి కృత్రిమ రంగు కనిపెట్టాడు, ఆ తర్వాత దశాబ్దాల్లో ఆ జాతి రంగులు మన బజార్లకు చేరాయి. బొమ్మ మీద మొదటి పూతలో అలాంటి రంగు ఉంటే, ఆ బొమ్మ 1856కు ముందుది కాదని గట్టిగా చెప్పొచ్చు. లేనంతమాత్రాన పాతది అని మాత్రం చెప్పలేం, చెట్టు రంగులు తర్వాతా వాడారు.

మూడో గుర్తు అచ్చుబొమ్మలదే. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టాక దేవుళ్ల రంగుబొమ్మలు ఇంటింటికీ చేరాయి. లక్ష్మి, సరస్వతి ఎదురుముఖంతో, గుండ్రటి చెంపలతో, చీరలతో గోడలెక్కారు. తర్వాత క్యాలెండర్లు, ఆపైన సినిమా. ఒక తోలు సీతమ్మ ముఖం మెత్తబడి, చీర కుచ్చెళ్లు బరువుగా వేలాడుతుంటే, ఆమె మీద లేపాక్షి నీడ కంటే అచ్చుకాగితం నీడ ఎక్కువ పడిందేమో చూడాలి. పొదెస్తా కాలంలో యూరప్‌లో అచ్చుబొమ్మ చేసిన పనే మన దగ్గర రెండున్నర శతాబ్దాల తర్వాత జరిగింది. దూరాన ఉన్న చిత్రం చవక కాగితం మీద చిన్న కళాకారుడి చేతికందింది. పోలిగాడికి మాత్రం రవివర్మ ముద్రణల్లో నమూనా లేదు. క్యాలెండరూ లేదు. అతని రూపంలో మార్పులు వస్తే అవి బొమ్మల ఇళ్లలోనే వచ్చినవై ఉండాలి. సాక్షిగా అతనికున్న విలువ ఇదే.

ఈ దృష్టితో చూస్తే ఇప్పుడు జరుగుతున్న మార్పు గురించి ఆందోళన కలుగుతుంది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. రెండూ అర్హమైనవి, ఆలస్యమైనవి. కానీ రాత్రంతా సాగే ఆట తగ్గిపోయి, అదే తోలుతో దీపాలకు గూళ్లు, గోడకు తగిలించే పటాలు, తలుపు తెరలు చేసి కుటుంబాలు బతుకుతున్నాయి. దీపపు గూటి మీదికి నెమలి ఎక్కుతుంది, ఏనుగు ఎక్కుతుంది, కృష్ణుడు ఎక్కుతాడు. పెళ్లాం చేత తిట్లు తినే పోలిగాణ్ణి నట్టింట్లో వేలాడదీసుకునేవాళ్లు అరుదు. బజారు కోరని బొమ్మను మళ్లీ మళ్లీ చేయాల్సిన అవసరం ఉండదు. చేయని బొమ్మ నకలు గొలుసు ఒక తరంలో తెగుతుంది. లేపాక్షి పైకప్పుకు పురావస్తు శాఖ కాపలా ఉంది, ఈ బొమ్మకు అరిగిపోయేలోపు పక్కన పెట్టి గీసుకునే చెయ్యి తప్ప కాపలా లేదు.

కాబట్టి ముందుగా చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. ధర్మవరం వైపు కుటుంబాల్లో, కర్ణాటక కుటుంబాల్లో, తమిళ కుటుంబాల్లో మిగిలిన పాత హాస్యగాళ్ల బొమ్మలను ఒకేచోట పట్టిక వేయాలి. తోలు ఏ జంతువుది, మొదటి పూత రంగు ఏది, జుట్టు ఎటు వాలింది, కీళ్లు ఎన్ని, ముడి ఎలా వేశారు, ఏ ఉలి మొనలు వాడారు, ఏ బొమ్మను చూసి చేశామని ఇంటివాళ్లు చెబుతున్నారు అన్నవి రాసుకోవాలి. కీళ్లు, ముడులు, ఉలి మొనలు మూడు చోట్లా కలిస్తే వలస వివరణ బలపడుతుంది. జుట్టు, పొట్ట మాత్రమే కలిసి పనితనం వేరైతే వీధినాటకం వివరణే గెలుస్తుంది, నా మొగ్గును నేను వదులుకోవాలి. తనకల్లు, కదిరి వైపు ఊళ్లలో రాత్రి ఆటలు చూసిన పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్లను రాముడెలా ఉండేవాడని కాదు, పోలిగాడెలా ఉండేవాడని, ఏం మాట్లాడేవాడని అడిగి, ఆ మాటలనూ అదే పట్టికలో చేర్చాలి.